వీధికి గోడ, ఆకాశానికి గవాచి

సంజామల పాత ఊళ్లో ఇంకా కొన్ని మట్టిమిద్దెలు నిలబడి ఉన్నాయి. వాటి వీధిగోడలకు కిటికీలు ఉండవు. ఎక్కడన్నా ఉంటే జానెడు వెడల్పు, అదీ మనిషి తలకు అందనంత ఎత్తులో. కొత్తగా చూసినవాళ్లు పాతకాలం మనుషులకు గాలి విలువ తెలియదనీ, దొంగలకు భయపడి చీకట్లో బతికారనీ అంటుంటారు. దొంగల భయం నిజమే. చీకటి కూడా కొంత నిజమే. గాలి సంగతి మాత్రం వాళ్లు అనుకున్నట్టు లేదు. ఆ ఇళ్లకు గాలి నెత్తిమీద నుంచి వచ్చేది.

మా నాయన బేల్దారి. సంజామల, నొస్సం, కోయిలకుంట్ల చుట్టుపక్కల ఊళ్లలో రాతిగోడలు కట్టాడు, మిద్దెలు కప్పాడు. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి, నంద్యాలలో ఇళ్ల ప్లాన్లు గీస్తూ ఉద్యోగ జీవితం గడిపాను. ఆయన కట్టిన ఇంట్లో పుట్టి, నాలాంటివాళ్లు గీసిన అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు కాపురముంటున్న ఆడమనిషిగా నాకు ఒక్క విషయం బాగా అర్థమైంది. గాలికి ఒక దారి, వీధికి ఒక దారి విడివిడిగా పెట్టడం మా ప్రాంతానికి ఎప్పుడో తెలుసు. ఆ తెలివి యాభై, అరవై ఏళ్లలో మన చేతుల్లోంచి జారిపోయింది. రోడ్డు పక్క ఫ్లాట్లలో నిద్రలేక సతమతమయ్యేవాళ్లకు ఇప్పుడు మళ్లీ కావలసింది అదే.

ముందు గోడ సంగతి. 1985లో మండలాలు వచ్చేదాకా సంజామల కోయిలకుంట్ల తాలూకాలో ఉండేది. ఈ నేల కింద ఉన్నదంతా సున్నపురాయి. 1872లో విలియం కింగ్ అనే ఆయన భారత భూగర్భ సర్వే కోసం కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆ శాస్త్రంలో ఇక్కడి రాతి పొరలకు మా ఊళ్ల పేర్లే ఉన్నాయి: కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్. పలకలు పలకలుగా లేచే నాపరాయి పక్కనే దొరుకుతుంటే నల్లరేగడి మట్టితో గోడ ఎవరు పెడతారు? రేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. అందుకని రాయినే పేర్చి, సందుల్లో మట్టి మెత్తి, రెండడుగుల మందాన గోడ లేపేవాళ్లు. పెద్ద రైతుల ఇళ్లలో ఇంకా మందం.

ఆ మందానికి ఒక లెక్క ఉంది. రెండడుగుల రాతిగోడ చదరపు మీటరుకు 1,200 కిలోలకు పైనే తూగుతుంది. గోడ బరువు రెట్టింపు అయిన ప్రతిసారీ దాన్ని దాటే చప్పుడు ఐదారు డెసిబెల్స్ తగ్గుతుంది. ఇప్పుడు మన కిటికీకి పెట్టే ఐదు మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు. ఆ రెంటికీ మధ్య బరువులో దాదాపు వందరెట్ల తేడా. పల్లెలో ఏం చప్పుళ్లుంటాయని అనకండి. పత్తి కాలంలో తెల్లారకముందే బండ్లు కదిలేవి. ఇనుప పట్టాల చక్రాలు బండలు పరిచిన వీధిలో దొర్లితే ఆ మోత చిన్నది కాదు. అయినా పడసాల దాటి లోపలి ఇంట్లో పడుకున్న బాలింతకు, చంటిబిడ్డకు మెలకువ వచ్చేది కాదు.

ఇక కప్పు. కంబాలు నిలిపి, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు. దంతెల మీద సన్నకట్టెలు ఒత్తుగా పేర్చేవాళ్లు, లేదంటే నాపబండలు పరిచేవాళ్లు. ఆ మీద వేపాకో బందారాకో, పైన మట్టి, అన్నిటికంటే పైన చౌడు. వానాకాలం ముందర ఊరి బయటి చౌడునేల నుంచి బండ్లతో తోలుకొచ్చి మిద్దె మీద కొత్త పొర పరవడం ఏటా జరిగే పని. పంట పండని ఆ నేల మిద్దెకు మాత్రం వరం. చౌడులో సోడియం ఎక్కువ. తొలి చినుకులకే దాని రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. ఆ తర్వాత నీళ్లు కిందికి దిగవు, వాలు చూసుకుని దోనుల్లో నుంచి బయటికి పోతాయి. రసాయనం తెలియని బేల్దార్లు చేతితో నలిపి, నీళ్లు చల్లి చూసి, ఏ చౌడు పనికొస్తుందో చెప్పేవాళ్లు. మా నాయన నాలుక మీద వేసుకుని చూసేవాడు.

ఈ మందపాటి కప్పులో, ఇంటి నడిమధ్యన, మూరెడు చదరం ఖాళీ వదిలేవాళ్లు. అదే గవాచి. మిద్దె మీద దాని చుట్టూ జానెడు ఎత్తున గట్టు కట్టి వాననీళ్లు లోపలికి జారకుండా చూసేవాళ్లు. మనిషి దిగకుండా అడ్డంగా ఇనుప కమ్ములు. వాన పడితే మూయడానికి పక్కనే ఒక బండ, తర్వాతి కాలంలో ఒక రేకు. వంటింటికి వేరే గవాచి, పొగ పోవడానికి. ధాన్యం మిద్దె మీద ఆరబెట్టిన రోజుల్లో గవాచి లోంచే కిందికి పోసేవాళ్లు. లోపల పడిన ఎండపలక ఏ బండ మీదికి జరిగిందో చూసి మా అవ్వ పొయ్యి ముట్టించేది.

గవాచి పని చేసే తీరు నేను ప్లాన్లు గీయడం నేర్చుకున్నాకే పూర్తిగా తెలిసింది. మనుషుల ఒంటివేడి, పొయ్యివేడి, గాడిలో కట్టేసిన ఎద్దుల వేడి కలిసి ఇంట్లో గాలి వెచ్చబడుతుంది. వెచ్చటి గాలి తేలిక కాబట్టి పైకి పోతుంది. పైన దారి ఉంటే బయటపడుతుంది. అది ఖాళీ చేసిన చోటికి దొడ్డివాకిలి సందుల్లోంచి, తలుపు కిందనుంచి చల్లగాలి వస్తుంది. దిగువ దారికీ పై దారికీ మధ్య ఎత్తు ఎంత ఎక్కువైతే ఆ లాగుడు అంత బలం. రాత్రిపూట బయట చల్లబడ్డాక తేడా పెరిగి ఇల్లు దానంతటదే ఊపిరి తీసుకునేది. ఫ్యాను లేదు, కరెంటు లేదు, చప్పుడు లేదు. మేలో నంద్యాల సీమలో 44, 45 డిగ్రీలు మామూలు. మిట్టమధ్యాహ్నం గవాచిని సగం మూసి వేడిగాలిని ఆపేవాళ్లు, పొద్దు వాలాక తీసేవాళ్లు. పగలంతా తాగిన వేడిని రాతిగోడ రాత్రి వదిలితే, ఆ వేడి కూడా గవాచి దారినే పోయేది.

చప్పుడు సంగతికొస్తే, గవాచి ఆకాశాన్ని చూస్తుంది, వీధిని చూడదు. వీధిలో పుట్టిన శబ్దం మిద్దె అంచు దాటి, వంగి, గవాచిలోకి దిగేసరికి చాలావరకు బలం చచ్చిపోతుంది. వీధివైపు అదే మూరెడు కన్నం పెట్టి ఉంటే బండి మోత సూటిగా మంచం మీద పడేది.

ఇవన్నీ చెప్పి మట్టిమిద్దెలు స్వర్గమని అంటే అబద్ధమవుతుంది. ముసురు పట్టిన ఏడాది చౌడు పల్చబడిన చోట మిద్దెలు కూలి మనుషులు పోయారు. చెదలు దంతెలను తినేవి. గవాచి నుంచి తేళ్లు, అప్పుడప్పుడూ పాములు రాలేవి. పొయ్యి పొగకు ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు పాడయ్యాయి. పొగ గవాచికి ఎక్కేలోపల వాళ్ల ముఖం మీదుగానే పోయేది. పక్కా ఇల్లు కావాలని మా అమ్మ కోరుకోవడంలో న్యాయముంది. నా బాధ అంతా, పాతదాన్ని వదిలేటప్పుడు అందులో పనికొచ్చే ఒక్కదాన్ని కూడా ఎవరూ తీసి దాచలేదనే.

ఇక్కడ బెలుం గుహల గురించి ఒక మాట చెప్పాలి. సంజామలకు పొరుగు మండలం కొలిమిగుండ్లలో ఉన్నాయవి. చదునైన చేల మధ్య బావిలాంటి గుంట, దానిలోకి దిగితే 3,229 మీటర్ల గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాని గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్లు వచ్చి లోపలంతా కొలిచారు. రాష్ట్ర పర్యాటక సంస్థ దాన్ని బాగుచేసి 2002లో జనానికి తెరిచింది. దీపాలు, నడకదారులు పెట్టడం ఒక్కటే చాలలేదు, లోపలికి వచ్చే వందలమందికి ఊపిరాడాలి. అందుకోసం పైనుంచి గాలిగొట్టాలు దించారు. వాటి కింద నిలబడ్డప్పుడు నాకు మా ఇల్లే జ్ఞాపకమొచ్చింది. ఆ పని చేసిన ఇంజనీర్లకు గవాచి సంగతి తెలుసో లేదో గానీ, అదే సున్నపురాతిలో అదే ఉపాయం చేశారు. గుహకైతే గాలి ఎక్కణ్ణుంచి వస్తుందని ముందే అడిగారు. మనుషులు జీవితాంతం పడుకునే గదులకు ఆ ప్రశ్న ఎవరూ వెయ్యకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గవాచిని చంపింది సిమెంటు. 1950లలో పాణ్యం సిమెంట్స్ బేతంచెర్ల దగ్గర వెలిసి, ఆ చోటికి సిమెంట్‌నగర్ అని పేరు కూడా పడింది. మా గోడల్లో పేర్చిన సున్నపురాయినే పొడి చేసి, కాల్చి, సంచుల్లో నింపి అమ్మడం మొదలైంది. ఆ పరంపర ఆగలేదు. 2022లో కొలిమిగుండ్ల దగ్గర రామ్‌కో ఫ్యాక్టరీ కూడా వచ్చింది. 1979లో రాష్ట్ర హౌసింగ్ కార్పొరేషన్ ఏర్పడ్డాక పేదల కాలనీలకు కూడా స్లాబ్ చేరింది. స్లాబ్‌లో కన్నం పెడితే కమ్మికి తుప్పు, కప్పుకు కారుడు. కాబట్టి గవాచి ముందుగా పోయింది.

దాని స్థానంలో కొంతకాలం వెంటిలేటర్ వచ్చింది. తెల్లదొరల కాలపు బంగళాల్లో, పీడబ్ల్యూడీ కట్టడాల్లో తలుపుల మీద, కప్పుకు దగ్గరగా తాడు లాగి తెరిచే చిన్న అద్దపు తలుపులుండేవి. వాటిని చూసి మామూలు ఇళ్లల్లో కూడా కిటికీ మీద సిమెంటు జాలీ పెట్టడం అలవాటైంది. పదకొండడుగుల ఎత్తు గది ఉన్నంతకాలం వెంటిలేటర్ బతికింది. వాకిలి మూసినా, కిటికీ మూసినా వేడిగాలి దాని ద్వారా పోయేది. తర్వాత గది ఎత్తు తగ్గింది. సామాన్లు పెట్టుకోవడానికి జాలీ ముందు అటక కట్టారు. దోమలొస్తున్నాయని కొందరు, దుమ్మొస్తోందని కొందరు అట్టముక్కలు అడ్డం పెట్టారు. నేను ప్లాన్లు గీయడం మొదలుపెట్టిన రోజుల్లో ప్రతి గదికీ వెంటిలేటర్‌కు ఒక గుర్తు వేసేవాళ్లం. కొన్నేళ్లకు యజమానులు అది వద్దనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మేము కూడా అడగడం మానేశాం.

అప్పటినుంచి వెలుతురు, గాలి, చూపు, చప్పుడు నాలుగూ ఒకే కిటికీలోంచి రావలసి వచ్చింది.

అదే సమయంలో వీధి మారింది. గుడి మైకులు, పెళ్లి డీజేలు, సైలెన్సర్ తీసేసిన మోటార్‌సైకిళ్లు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం పూర్తయి సంజామలకు మొదటిసారి రైలు వచ్చింది. దానికోసం మా తరం ఎంత ఎదురుచూసిందో చెప్పలేను. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు పెరిగేకొద్దీ పద్మావతీనగర్, బొమ్మలసత్రం లాంటి చోట్ల అపార్ట్‌మెంట్లు వచ్చాయి. సంజామల, కోయిలకుంట్ల పల్లెల నుంచి పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్లే వాటిలో చాలామంది. మిద్దెలోంచి వచ్చి రోడ్డు మీది బాల్కనీలో పడ్డాం.

శబ్ద కాలుష్యం మీద 2000 సంవత్సరంలో కేంద్రం చేసిన నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో పడకగదిలో 30 దాటకూడదని చెప్పింది. పెద్ద రోడ్డు ముందర గోడ దగ్గర 70 ఉండడం ఆశ్చర్యమేమీ కాదు. మరో పక్క, వేడి పొడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో పదో వంతు తెరుచుకునే కిటికీ ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. మంచి నియమమే. కానీ గోడలో పదో వంతు తెరిచి ఉంటే మిగతా గోడ ఎంత మందంగా ఉన్నా చప్పుడు పది డెసిబెల్స్‌కు మించి తగ్గదు. నూటికి ఒక్క వంతు సందున్నా ఇరవైకి మించదు. కుండ ఎంత గట్టిదైనా అడుగున చిల్లు పడితే నీళ్లు నిలవవు కదా. అందుకని కిటికీ తెరిస్తే గాలి ఉంది, నిద్ర లేదు. మూస్తే నిద్ర పడుతుంది, గాలి లేదు.

ఏసీ ఉందిగా అంటారు. మన ఇళ్లల్లో పెట్టే స్ప్లిట్ ఏసీ బయటిగాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఈ మాట చెబితే చదువుకున్నవాళ్లు కూడా నమ్మరు. 1858లోనే జర్మనీలో మాక్స్ ఫోన్ పెటెన్‌కోఫర్, గదిగాలిలో బొగ్గుపులుసు వాయువు వెయ్యింట ఒక వంతు, అంటే పది లక్షలకు వెయ్యి, దాటితే ఆ గాలి మనిషికి మంచిది కాదని తేల్చాడు. మన పడకగది పది అడుగులు బై పదకొండు, ఎత్తు తొమ్మిదిన్నర అనుకోండి. ముప్ఫై ఘనపు మీటర్లు. నిద్రలో మనిషి గంటకు సుమారు పన్నెండు లీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. ఇద్దరు పడుకుని అన్నీ బిగించుకుంటే, ఒక్క గంటలో పది లక్షలకు ఎనిమిది వందల చొప్పున పెరుగుతుంది. సందుల్లోంచి కొంత పోయినా, తెల్లారేసరికి పెటెన్‌కోఫర్ గీత ఎప్పుడో దాటిపోతుంది. పొద్దున్నే తలబరువు, నోరు ఎండడం ఏసీ వల్లనే అనుకుంటాం. కొంత కారణం ఆ నిలవగాలి.

ఈ చిక్కును ఇతర దేశాలు ఎట్లా పట్టించుకున్నాయో చూడండి. ఇంగ్లండులో 1975లో చేసిన నియమాల ప్రకారం, కొత్త రోడ్డు వేసి చప్పుడు ఒక హద్దు దాటితే పక్క ఇళ్లకు ప్రభుత్వ ఖర్చుతో రెండో కిటికీ బిగించాలి. అంతటితో వదిలెయ్యలేదు. కిటికీ మూసేవాడికి గాలి కావాలి కాబట్టి, చప్పుడు రాని వెంటిలేటర్ కూడా దానితోపాటే ఇవ్వాలన్నారు. హాంకాంగ్‌లో రోడ్ల మీదికి ఉన్న ప్రభుత్వ అపార్ట్‌మెంట్లకు రెండు పొరల కిటికీలు పెడుతున్నారు. బయటి అద్దం ఒక పక్క తెరుచుకుంటుంది, లోపలిది రెండో పక్క. గాలి మధ్య సందులో వంకర తిరిగి వస్తుంది, శబ్దం ఆ వంకరలో అరిగిపోతుంది. వంకర తిప్పడమన్నది గవాచి చేసిన పనే.

మన అపార్ట్‌మెంట్లలో గవాచికి వారసుడు లేకపోలేదు. స్నానాల గదులు, వంటిళ్లు తెరుచుకునేలా కిందనుంచి పైదాకా వదిలే డక్టు అదే. దాని పైన ఆకాశం ఉంటే, ఐదంతస్తుల ఎత్తు లాగుడు ఏ మిద్దెకూ లేనంత బలంగా ఉంటుంది. మేముండే అపార్ట్‌మెంట్‌లో వాన పడుతోందనీ, పావురాలు గూళ్లు పెడుతున్నాయనీ డక్టు మీద ప్లాస్టిక్ షీటు బిగించారు. అప్పటినుంచి కింది అంతస్తు పోపు వాసన పై అంతస్తు స్నానాల గదిలో తిరుగుతోంది. నేను మీటింగులో లేచి చెప్పాను. షీటును గట్టు మీద నుంచి రెండడుగులు పైకి లేపి, నాలుగు పక్కలా వల కట్టమన్నాను. వాన ఆగుతుంది, పావురం ఆగుతుంది, గాలి ఆగదు. ఇంకా చెయ్యలేదు.

రోడ్డు మీదున్న పడకగదికి కావలసింది పెద్ద యంత్రమేమీ కాదు. ఇంటి వెనకవైపునుంచో, మేడ మీదనుంచో ఒక గొట్టం. దానికి ఒకటి రెండు మలుపులు, లోపల రాక్‌ఊల్ లాంటి మెత్తటి పొర. చప్పుడు ప్రతి మలుపులోనూ ఆ పొరకు తగిలి తగ్గుతుంది. గొట్టం లావుగా ఉండాలి, గాలి నిదానంగా నడవాలి. ఫ్యాను కావాలంటే పెద్దది పెట్టి మెల్లగా తిప్పాలి. వేగం సగానికి తగ్గిస్తే ఫ్యాను చప్పుడు సుమారు పదిహేను డెసిబెల్స్ పడిపోతుంది. చిన్న ఫ్యాను గిర్రున తిప్పి, మోత భరించలేక ఆపేసేవాళ్లనే నేను ఎక్కువ చూశాను. లోపలికొచ్చే గాలికి మంచి చోటు ఎంచాలి, వంటింటి పొగ వదిలే డక్టునే దానికి వాడకూడదు. చెడుగాలి పోవడానికి స్నానాల గది ఫ్యాను మెల్లగా రాత్రంతా తిరిగితే చాలు. ఇవేవీ కొత్త విద్యలు కావు. ప్లాన్ మీద నాలుగు గీతలు.

నాలాంటి డ్రాఫ్ట్స్‌మన్లకు, ఇప్పుడు కంప్యూటర్ మీద గీస్తున్న పిల్లలకు చెప్పేదొకటే. కిటికీ గుర్తు వేసేటప్పుడు అది ఏ రోడ్డును చూస్తోందో అడగండి, దానితో సంబంధం లేకుండా గాలికి ఇంకో దారి గీయండి. ఫ్లాటు కొనబోయేవాళ్లకు నా మనవి: అడ్వాన్సు ఇచ్చేముందు పడకగదిలో నిలబడి, కిటికీ మూసి, ఏసీ ఆపి, రాత్రికి గాలి ఎటునుంచి వస్తుందో చూపించమని బిల్డర్‌ను అడగండి. చూపించలేకపోతే, గోడలు లేవకముందే ప్లాన్ మార్పించండి. లేచాక ఎవరూ పగలగొట్టి చెయ్యరు.